లెఫ్ట్ టాకిల్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాలా? ఒక కాలేజీ ఫుట్‌బాల్ అఫెన్సివ్ లైన్ కేసు

ముందే చెప్పేస్తున్నా, ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. నేను ఇక్కడికి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చాను, యూనివర్సిటీ అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో గంటల లెక్కన దొరికిన వీడియో కటింగ్ పనిలో చేరాను, అక్కడి నుంచి మెల్లగా కాలేజీ జట్ల ఫిల్మ్ చూసి ఆటగాళ్ళకు గ్రేడ్లు వేసే పనిలోకి జారిపోయాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే మా అమ్మ ఇప్పటికీ "కంప్యూటర్ పనే" అంటుంది. నేనూ సరిదిద్దను, సరిదిద్దడం మొదలుపెడితే అరగంట పడుతుంది.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది ఒక కుర్రాడి సీజన్‌ని ముంచేసేదే, వేరే మనిషి ఆపాడు. రెండోదాన్ని ఎవరూ ఆపలేదు, ఒక మ్యాచ్ పోయింది. జట్టు పేరు, రాష్ట్రం, ఏ సీజన్ అన్నవి చెప్పను. ఎవరూ పోల్చుకోకుండా అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపాను, కథ మారేంతగా మాత్రం కాదు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు

బంతి ఉన్న జట్టులో పదకొండు మంది. వాళ్ళలో ముందు వరసలో నిలబడే అయిదుగురు భారీ మనుషులే అఫెన్సివ్ లైన్. ఎడమ నుంచి లెఫ్ట్ టాకిల్, లెఫ్ట్ గార్డ్, సెంటర్, రైట్ గార్డ్, రైట్ టాకిల్. జెర్సీల మీద 50 నుంచి 79 మధ్య నంబర్లుంటాయి. మామూలుగా వీళ్ళు బంతి పట్టుకుని పరిగెత్తరు, ముందుకు విసిరిన పాస్ అందుకునే హక్కూ ఉండదు. వీళ్ళ పని అడ్డుకోవడం. పరిగెత్తేవాడికి దారి చేయాలి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా చూడాలి. విసిరేలోపే ఎదుటివాళ్ళు వెనకాలే పడగొట్టేస్తే దాన్ని శాక్ అంటారు.

ఇక్కడే నా వృత్తికి చిక్కు మొదలవుతుంది. క్రికెట్‌లో ప్రతి బంతీ ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది. ఈ అయిదుగురి పేర్లు మాత్రం స్కోరుకార్డులో దాదాపుగా కనిపించవు, పెనాల్టీ చేస్తే తప్ప. శాక్ జరిగితే పడగొట్టినవాడి పేరు రాస్తారు, వదిలేసినవాడి పేరు రాయరు. కాబట్టి ఎవరు వదిలేశారన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు.

నన్ను పిలిచినప్పటి పరిస్థితి

రెండో శ్రేణి, అంటే ఎఫ్‌సీఎస్ స్థాయి జట్టు. ఆరు మ్యాచ్‌లు అయిపోయాయి, తర్వాతది ఖాళీ వారం. ఆరు మ్యాచ్‌ల్లో 21 శాక్‌లు. పరుగుకు, అంటే బంతి పట్టుకుని పరిగెత్తిన ఒక్కోసారికి, సగటు 3.1 గజాలు, ఇది ఘోరం. లెఫ్ట్ టాకిల్ ఆ ఏడాదే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా) ద్వారా వేరే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్‌కి వీపు వెనక భాగాన్ని కాపాడేది లెఫ్ట్ టాకిలే కాబట్టి దెబ్బ తగిలిన ప్రతిసారీ అందరి కళ్ళూ అతని మీదికే పోతాయి. అతను ఎక్కడినుంచో వచ్చినవాడు కూడా అయ్యేసరికి ఊరంతా ఒకే మాట మీద ఉంది. హెడ్ కోచ్ నన్ను అడిగింది రెండు ముక్కలు: ఆదివారం లోపు అయిదుగురికీ గ్రేడ్లు కావాలి, ఎవణ్ణి తీసేయాలో చెప్పు. మనసులో తీసేయాల్సినవాణ్ణి అప్పటికే ఎంచుకున్నాడని, నా గ్రేడు ఆ నిర్ణయం మీద ముద్ర లాంటిదని నాకు తర్వాత అర్థమైంది.

నేను రాకముందు వాళ్ళు ఒక ప్రయత్నం చేశారు. అయిదో మ్యాచ్‌లో లెఫ్ట్ టాకిల్‌ని కుడికి, రైట్ టాకిల్‌ని ఎడమకి మార్చారు. ఇద్దరూ చిత్తయ్యారు. పాస్ కాపాడేటప్పుడు టాకిల్ వెనక్కి జరిగే అడుగు ఎడమవైపు ఒకలా, కుడివైపు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. మూడేళ్ళు కుడిచేత్తో రాసినవాడికి పరీక్ష రోజున పెన్ను ఎడమచేతికిచ్చినట్టు. ఆరో మ్యాచ్‌కి మళ్ళీ పాత చోట్లకే పంపారు. అయితే ఆ అయిదో మ్యాచ్ ఫిల్మ్ నాకు తర్వాత పనికొచ్చింది. రైట్ టాకిల్ చోటు మారినా శాక్‌లు కుడిపక్క నుంచి కూడా వచ్చాయి. దాన్ని అప్పుడే పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు.

మొదట అంకెలు

ఫిల్మ్ జోలికి పోకముందు స్కోరు లెక్కల్ని శుభ్రం చేయడం నా అలవాటు. కాలేజీ ఆటలో ఒక వింత ఉంది, చాలామంది కామెంటేటర్లు కూడా మరిచిపోతారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్‌లో పోయిన గజాల్ని జట్టు పాసింగ్ లెక్కలోంచి తీసేస్తారు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్కల్లో అవే గజాలు పరుగుల ఖాతాలోంచి పోతాయి, ప్రతి శాక్ ఒక పరుగు కింద కూడా లెక్కకొస్తుంది. అంటే పాస్ కాపాడటంలో జరిగిన నష్టానికి రన్ బ్లాకింగ్, అంటే పరిగెత్తేవాడికి దారి చేసే పని, చెడ్డపేరు మోస్తుంది.

వీళ్ళకు 204 పరుగులు, 632 గజాలు. అందులో 21 శాక్‌లు, వాటివల్ల పోయినవి 147 గజాలు. అవి పక్కన పెడితే 183 పరుగులు, 779 గజాలు, సగటు 4.3. ఘోరం అనుకున్నది కాస్తా మామూలు అయిపోయింది. కోచ్‌కి ఈ ఒక్క లెక్క చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

తర్వాత లైన్ యార్డ్స్. ఒక పరుగులో లైను వాటా ఎంత, పరిగెత్తినవాడి వాటా ఎంత అని పంచే పద్ధతి. ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం వాడుకలోకి వచ్చిన సూత్రం ఇలా ఉంటుంది: వెనక్కి పోయిన గజాలకు లైను మీద 120 శాతం బరువు, మొదటి 4 గజాలు పూర్తిగా లైనువి, 5 నుంచి 10 వరకు సగం, 11 దాటినవి లైనుకి సున్నా. వాడు డెబ్బై గజాలు ఉరికితే అందులో అరవై వాడి కాళ్ళవే కదా. ఇలా లెక్కేసినా వీళ్ళ రన్ బ్లాకింగ్ నడిమి స్థాయిలోనే తేలింది. సమస్య పాస్‌లో ఉందని ఇక్కడ ఖాయం చేసుకున్నాను. అంకెలు అంతవరకే తీసుకెళ్తాయి, ఎవరి తప్పన్నది ఫిల్మే చెప్పాలి.

నా మొదటి తప్పు

కోచింగ్ ఫిల్మ్ రెండు కోణాల్లో ఉంటుంది. ఒకటి మైదానం పక్కనుంచి ఎత్తులో తీసింది, ఇంకోటి గోల్‌పోస్ట్ వెనకనుంచి. లైను చూడాలంటే రెండోదే. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆరు మ్యాచ్‌ల పాస్ స్నాప్‌లన్నీ చూశాను (సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడమే స్నాప్). ఫిల్మ్ చూసి గ్రేడ్లు వేసే పీఎఫ్ఎఫ్ సంస్థ లాంటి వాళ్ళు ప్రతి ప్లేకీ మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు అర పాయింటు మెట్లతో గ్రేడ్ ఇస్తారు, నేనూ దాదాపు అలాంటి కొలతే వాడాను. దానితోపాటు బ్లాక్ 2.5 సెకన్లు నిలబడిందా లేదా అని గుర్తుపెట్టుకున్నాను. ఈఎస్‌పీఎన్ వాళ్ళ పాస్ బ్లాక్ విన్ రేటు కూడా ఆ 2.5 సెకన్ల గీత మీదే నడుస్తుంది. తెల్లవారేసరికి 21 శాక్‌ల్లో 9 లెఫ్ట్ టాకిల్ ఖాతాలో వేశాను. మిగతా నలుగురికీ కలిపి 8, నాలుగు ఎవరివో తేలలేదు. అనుకున్నట్టే వచ్చింది, అందరూ అనుకున్నట్టే. అప్పుడే అనుమానం రావాల్సింది, నిద్రొచ్చింది.

ఆదివారం ఉదయం లైన్ కోచ్ గదికి వెళ్ళాను. ఒకప్పుడు సెంటర్‌గా ఆడిన పెద్దాయన, చేతివేళ్ళలో ఒక్కటీ తిన్నగా లేదు, మౌస్ పట్టుకుంటే చూసేవాళ్ళకే నొప్పి పుడుతుంది. లెక్కల మనుషులంటే ఆయనకు పెద్ద గౌరవం లేదు. నా షీటు చూడలేదు. నేను మైనస్ 2 వేసిన ఒక స్నాప్ పెట్టమన్నాడు. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాలి. స్నాప్ అవగానే లెఫ్ట్ టాకిల్ లోపలికి, అంటే తన కుడివైపు సందులోకి అడుగేశాడు, ఎదుటి జట్టు వరసలో బయట చివర నిలబడ్డ డిఫెన్సివ్ ఎండ్ అతని భుజం పక్కనుంచి ఎవరూ తాకకుండా వెళ్ళి క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు.

"ఇందులో అతనికిచ్చిన పని ఏంటి?" అన్నాడు.

"బయటనుంచి వచ్చేవాణ్ణి ఆపడం."

"నీకెవరు చెప్పారు?"

నాకెవరూ చెప్పలేదు. ఆ ప్లేలో పిలిచింది పూర్తి స్లయిడ్, కుడివైపుకి. అంటే అయిదుగురూ ఎదురుగా ఉన్న మనిషిని కాకుండా తమ కుడిపక్క సందుని పట్టుకోవాలి. లెఫ్ట్ టాకిల్ లోపలి సందు తీసుకోవడమే సరైన పని. ఎడమ చివర వచ్చేవాణ్ణి ఆపాల్సింది క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడ్డ రన్నింగ్ బ్యాక్. ఆ కుర్రాడు మొదటి ఏడాదివాడు, ముందు మధ్యలోకి చూశాడు, ఎడమకి తిరిగేసరికి అయిపోయింది. ఫిల్మ్‌లో టాకిల్ భుజం పక్కనుంచి వెళ్ళినట్టు కనిపిస్తుంది కాబట్టి టాకిల్ తప్పు. రనౌట్‌లో కూడా అంతే కదా, "రా" అని పిలిచి సగంలో ఆగిపోయినవాడు క్రీజులో భద్రంగా ఉంటాడు, స్కోరుకార్డులో అవుటైనవాడి పేరే పడుతుంది.

నా షీటు నేనే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు, అదొక్కటే ఊరట.

మళ్ళీ మొదటి నుంచి

హెడ్ కోచ్‌ని ఇంకో రెండు రోజులు అడిగాను. ఆయన ఒప్పుకోడానికి కారణం నా వాదన కాదు, లైన్ కోచ్ పక్కన నిలబడటం. రెండు రాత్రులు ఇద్దరం కూర్చుని ప్రతి పాస్ స్నాప్‌కీ ముందుగా పిలిచిన ప్రొటెక్షన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే పథకం) ఏంటి, ఎవరి పని ఏంటి అన్నది రాశాం, గ్రేడ్ ఆ తర్వాతే. ఒక చిన్న నియమం పెట్టుకున్నాం: వీడియోని స్నాప్‌కి ముందే ఆపి, పని ఎవరిదో రాసేశాకే ముందుకు నడపాలి. ఫలితం చూశాక పని రాస్తే చెయ్యి తెలియకుండానే ఫలితం వైపు వంగుతుంది. ఇది నా జబ్బే, అందుకే నియమం.

21 శాక్‌ల లెక్క తిరగరాస్తే ఇలా వచ్చింది. లెఫ్ట్ టాకిల్ నిజంగా ఓడిపోయినవి 3. రన్నింగ్ బ్యాక్‌వి 4. క్వార్టర్‌బ్యాక్ చేతులారా తెచ్చుకున్నవి 6. రైట్ గార్డ్, రైట్ టాకిల్ మధ్యలోంచి వచ్చినవి 5. మిగతా 3 ఎవరి ఖాతాలోనూ వేయలేం: ఎదుటివాళ్ళు ఆపగలిగేవాళ్ళ కన్నా ఒకణ్ణి ఎక్కువ పంపారు, ఆ ఒకడు రాకముందే బంతి వదిలేయాలి, వదలడానికి పాస్ అందుకునే రిసీవర్ ఎవరూ ఖాళీగా లేరు.

క్వార్టర్‌బ్యాక్ ఆరింటి గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో నాలుగు నేను మొదట లెఫ్ట్ టాకిల్ మీద వేశాను. టాకిల్ బయటివాణ్ణి ఎప్పుడూ గోడలా ఆపలేడు, ఒక వంపులో వెనక్కి నెట్టుకుంటూ తీసుకెళ్తాడు. ఆ వంపు క్వార్టర్‌బ్యాక్ ఎంత లోతులో ఉంటాడన్న నమ్మకం మీద గీసుకున్నది. ఇక్కడ ఏడెనిమిది గజాల లోతు అని మాట్లాడుకున్నారు. ఒత్తిడి అనిపించగానే ఈ కుర్రాడు ముందుకు అడుగేయకుండా వెనక్కి వెనక్కి పదో గజం దాకా తేలిపోతున్నాడు. అక్కడికి వెళ్తే టాకిల్ సరిగ్గా నెట్టేసినవాడే నేరుగా వచ్చి ఒళ్ళో పడతాడు. టాకిల్ చేసింది ఒప్పు, కనిపించింది తప్పు.

అసలు కంత ఎక్కడుంది

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం కుడిపక్క 5. విడివిడిగా చూస్తే రైట్ గార్డ్ బాగానే ఉన్నాడు, రైట్ టాకిల్ ఇంకా బాగున్నాడు, జట్టులో ఎక్కువ గ్రేడ్ అతనిదే. ఇద్దరూ బాగుంటే మధ్యలోంచి ఎలా వస్తున్నారు?

వచ్చినవన్నీ స్టంట్‌లు. ఎదుటి ఇద్దరు దారులు మార్చుకుంటారు. లోపలివాడు ముందుగా బయటికి దూసుకుపోతాడు, బయటివాడు అతని వెనకనుంచి చుట్టుతిరిగి లోపలికి వస్తాడు. దీనికి విరుగుడు కూడా ఇచ్చిపుచ్చుకోవడమే. గార్డ్ తన మనిషిని టాకిల్‌కి అప్పజెప్పి, చుట్టుతిరిగి వచ్చేవాణ్ణి తాను అందుకోవాలి. అప్పజెప్పాలంటే ఇద్దరూ ఒకే లోతులో, పక్కపక్కనే ఉండాలి. గోల్‌పోస్ట్ వెనక కోణంలో ఎవరు ఎంత వెనక్కి జరిగారో సరిగ్గా తెలియదు, అందుకని పక్క కోణంలో ఆపి గీత గీసి చూశాను. రైట్ టాకిల్ స్నాప్ అవగానే గబగబా లోతుకి వెళ్తున్నాడు, గార్డ్ బంతి పెట్టిన గీత దగ్గరే నిలబడి తలపడుతున్నాడు. ఇద్దరి మధ్య గజం పైనే తేడా. ఆ తేడాలోకి దూసుకొచ్చినవాణ్ణి గార్డ్ అప్పజెప్పడానికి పక్కన మనిషే లేడు, తానే వెంటపడి పోతున్నాడు, అతను వదిలేసిన చోటులోంచి రెండోవాడు.

కారణం అడిగితే తేలింది. గార్డ్ పాత లైన్ కోచ్ దగ్గర నేర్చుకున్నవాడు, అప్పట్లో అంతా బంతి వెంటనే వదిలేసే ఆట, గీత మీదే తలపడమనేవాళ్ళు. టాకిల్ ఈ కోచ్ వచ్చాక తయారైనవాడు. రెండూ సరైన పద్ధతులే, పక్కపక్కన పెట్టకూడదంతే.

ఇంకో సంగతి అనుకోకుండా దొరికింది. అయిదింటిలో నాలుగు బయటి ఊళ్ళో ఆడిన మ్యాచ్‌ల్లో. బయట జనం గోలకి క్వార్టర్‌బ్యాక్ అరుపు వినపడదు, అందుకని సైలెంట్ కౌంట్ వాడతారు: ఒక గార్డ్ తల వెనక్కి తిప్పి క్వార్టర్‌బ్యాక్ సైగ చూసి, సెంటర్‌ని చేత్తో తడతాడు, సెంటర్ బంతి ఇస్తాడు. ఈ జట్టులో ఆ పని రైట్ గార్డ్‌ది. ఎదుటివాళ్ళు చివరి క్షణంలో కాస్త దగ్గరికి జరిగి స్టంట్‌కి సిద్ధమయ్యేటప్పుడు చూడాల్సిన మనిషి తల వెనక్కి తిరిగి ఉంది! ఈ ముక్క చెప్పగానే లైన్ కోచ్ తన వంకర వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. మెచ్చుకోలు అనుకున్నాను.

కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. చెయిన్ పట్టుకుని ఇద్దరు నిలబడితే తెలివైన రైడర్ ఎవరి కండలు పెద్దవని చూడడు, చేతులు కలిసిన చోటు చూస్తాడు. నేను మాత్రం అయిదుగురి కండలకీ మార్కులు వేస్తూ కూర్చున్నాను.

అప్పటినుంచి షీటు మార్చాను. అయిదుగురు మనుషులకు నాలుగు అతుకులు: లెఫ్ట్ టాకిల్-లెఫ్ట్ గార్డ్, లెఫ్ట్ గార్డ్-సెంటర్, సెంటర్-రైట్ గార్డ్, రైట్ గార్డ్-రైట్ టాకిల్. లైను బయట ఇంకో రెండు: రన్నింగ్ బ్యాక్‌కీ చివరివాడికీ మధ్య ఒకటి, క్వార్టర్‌బ్యాక్ నిలబడే చోటు ఒకటి. ప్రతి స్నాప్‌లో ఏ అతుకు మీద నిజంగా ఒత్తిడి పడింది, పడితే నిలిచిందా ఊడిందా. ఒత్తిడి పడని స్నాప్‌కి మార్కు లేదు, ఖాళీగా నిలబడ్డందుకు ప్లస్ ఇవ్వడం నాకు మొదటినుంచీ నచ్చదు. కుడి అతుకు మీద 38 సార్లు ఒత్తిడి పడింది, 15 సార్లు ఊడింది. ఎడమ చివరి అతుకు 31కి 4. ఇంత తక్కువ లెక్కలకు దశాంశాలు వేసి శాతాలు చూపడం మోసం, అందుకే కోచ్‌లకు ముడి అంకెలే ఇచ్చాను. లెఫ్ట్ టాకిల్ బెంచ్‌కి పోలేదు.

నా రెండో తప్పు

ఇక్కడికి కథ ముగిస్తే నాకు బాగానే ఉండేది. కానీ వచ్చే శనివారం మ్యాచ్ ఉంది, అడుగుల లోతు సరిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఏం చేద్దాం అంటే నేనే సలహా ఇచ్చాను: మూడో డౌన్‌లో ఎక్కువ గజాలు కావాల్సినప్పుడు ప్రతిసారీ పూర్తి స్లయిడ్ వాడండి, అందరూ ఒకే వైపు జరుగుతారు, అప్పజెప్పడం ఉండదు, అతుకు మీద బరువు తగ్గుతుంది. ఏ వైపు? విశాలంగా ఉన్న వైపు, గందరగోళం లేకుండా. లైన్ కోచ్ కాస్త సణిగాడు, కానీ గార్డ్ విషయం పట్టుకున్నది నేనే కాబట్టి ఆ వారం నా మాటకు విలువ పెరిగిపోయింది. అది మంచిది కాదు.

ప్రతి ప్లేకీ బంతిని హ్యాష్ గీతల మధ్యే ఎక్కడో పెడతారు. కాలేజీ మైదానంలో ఆ గీతల మధ్య 40 అడుగుల దూరం, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి కాలేజీలో బంతి ఒక పక్కకి ఉన్నప్పుడు ఏది విశాలమైన వైపో, ఏది ఇరుకైన వైపో గ్యాలరీలో పల్లీలు తినేవాడికి కూడా తెలుస్తుంది. ఎదుటి జట్టు రెండో క్వార్టర్ కల్లా పట్టేసింది. వీళ్ళంతా విశాలమైన వైపు జరుగుతారు, ఇరుకు వైపు రన్నింగ్ బ్యాక్ ఒక్కడే మిగులుతాడు. అటునుంచి ఎండ్‌తో పాటు, మామూలుగా రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌ని కూడా పంపారు. ఇద్దరు వస్తుంటే ఒక్కడేం చేస్తాడు, అదీ ఆ మొదటి ఏడాది కుర్రాడు. 4 శాక్‌లు, అందులో 3 అటునుంచే. సైడ్‌లైన్‌లో ట్యాబ్లెట్ మీద వీడియో చూడ్డానికి ఎన్‌సీఏఏ ఒప్పుకున్నది 2024లో, ఇది అంతకు ముందు సీజన్. కళ్ళతో చూసి హెడ్‌సెట్‌లో చెప్పుకోవడమే, మనవాళ్ళు గ్రహించేసరికి మూడో క్వార్టర్ సగమైంది.

నా ఆలోచనలో లోపం ఎక్కడంటే, అతుకుల లెక్క మా ఫిల్మ్ మీద వేశాను, ఎదుటివాడు కూడా ఫిల్మ్ చూస్తాడన్నది వదిలేశాను. ఒక బలహీనతని దాచడానికి పెట్టిన తెర ప్రతిసారీ ఒకే చోట ఉంటే, అదే గుర్తుపలక అవుతుంది. ఆ రాత్రి బస్సులో ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

పనిచేసినవి

చివరి నాలుగు మ్యాచ్‌లకి చేసిన మార్పుల్లో ఒక్కటీ గొప్పది కాదు. సైలెంట్ కౌంట్ పని లెఫ్ట్ గార్డ్‌కి మార్చారు. దీనికి ఒక ప్రాక్టీసు సరిపోయింది, నాకు తెలిసి ఇంత చవకగా ఇంత లాభం ఇంకెక్కడా చూడలేదు. మూడో డౌన్‌లో మొదటి ఏడాది కుర్రాడి బదులు నాలుగో ఏడాది రన్నింగ్ బ్యాక్‌ని దింపారు. వేగం తక్కువ, కానీ ఎటు చూడాలో తెలిసినవాడు. స్లయిడ్ దిక్కుని ప్రతిసారీ సెంటరే ఎదుటి నిలబాటు చూసి పిలవాలి, మైదానం వెడల్పు చూసి కాదు.

క్వార్టర్‌బ్యాక్ కోసం ప్రాక్టీసు గడ్డి మీద ఎనిమిదో గజం దగ్గర తెల్ల టేపు వేశారు, దాని వెనక్కి కాలు పడితే ఆ ప్లే లెక్కలోకి రాదు. మొదటి రోజు అతను తిట్టుకున్నాడు, రెండో వారానికి టేపు తీసేసినా పాదం అక్కడే ఆగుతోంది. తమాషా ఏంటంటే, లెఫ్ట్ టాకిల్ తన ఆటలో వెంట్రుకవాసి మార్చకుండానే అతని గ్రేడ్ పెరిగింది. ఊళ్ళో జనం "కుర్రాడు దార్లో పడ్డాడు" అన్నారు. సరే.

కుడి అతుకు కోసం లైన్ కోచ్ చేసింది చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. రోజూ ప్రాక్టీసుకి పది నిమిషాల ముందు గార్డ్, టాకిల్ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి నడుములకీ కలిపి ఒక రబ్బరు పట్టీ కట్టి, ఎదురుగా ఇద్దర్ని సగం వేగంతో స్టంట్ చేయమనేవాడు. ఒకడు లోతుకి పోయి ఇంకొకడు పోకపోతే పట్టీ లాగుతుంది. ఎవరి పద్ధతి మార్చాలన్న దగ్గర ఆయన గార్డ్‌ని కాకుండా టాకిల్‌ని ఆగమన్నాడు, అంటే గ్రేడ్ ఎక్కువున్నవాణ్ణి. నేను అడిగితే ఆయన చెప్పింది: చేయగలిగినవాడే మారాలి, చేయలేనివాడు మారితే ఇద్దరూ పోతారు. నా షీటు చూసి ఎవరైనా గార్డ్‌నే మార్చమనేవాళ్ళు, నేను కూడా. టాకిల్ సొంత గ్రేడ్ ఆ నాలుగు మ్యాచ్‌ల్లో కొంచెం తగ్గింది, అతుకు మాత్రం 22కి 4 సార్లే ఊడింది. తన మార్కులు పోతున్నాయని తెలిసీ ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు.

నాలుగు మ్యాచ్‌ల్లో 5 శాక్‌లు. వాటిలో రెండు మ్యాచ్‌లు బలహీనమైన జట్లతో, కాబట్టి ఇదంతా మా గొప్పే అనను. గట్టి జట్లతో ఆడిన మిగతా రెండిట్లోనే 4 వచ్చాయి. సీజన్ మొదట్లోలా ఒకే చోటినుంచి మాత్రం రాలేదు, నాకు దానిమీదే నమ్మకం.

ఇప్పుడు చేసే పద్ధతి

కొత్త జట్టు పిలిస్తే ముందుగా ప్లేబుక్ (ఏ ప్లేలో ఎవరి పని ఏంటో రాసిన పుస్తకం) అడుగుతాను, ఇవ్వం అంటే పని తీసుకోను, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు దీనికి ముఖం మాడ్చుకున్నారు కూడా. మనుషుల గ్రేడ్, అతుకుల గ్రేడ్ రెండూ ఒకే పేజీలో ఇస్తాను, విడి పేజీల్లో ఇస్తే రెండోది ఎవరూ చదవరని అనుభవం మీద తెలిసింది. సలహా ఇచ్చే ముందు అదే సలహాని ఎదుటి కోచ్ కుర్చీలో కూర్చుని ఎన్ని స్నాప్‌ల్లో పట్టేస్తానో చూసుకుంటాను. అయినా హెడ్ కోచ్‌లు మనిషికో అంకె అడగడం మానరు. అవార్డుల్లో కూడా చూడండి, లైన్‌మెన్‌కిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ 1946 నుంచి ఒక్కడికే ఇస్తున్నారు, మొత్తం లైనుకి కలిపి ఇచ్చే జో మూర్ అవార్డు మొదలైందే 2015లో. ఆ రెండోది 2024లో ఆర్మీ జట్టుకి వెళ్ళినప్పుడు మా లైన్ కోచ్ నాకు మెసేజ్ పెట్టాడు, ఒక్క బొటనవేలు బొమ్మ. అది కూడా ఆయన వేళ్ళలా వంకరగా లేదని నవ్వుకున్నాను.

ఈ కేసు సీజన్ అయిపోయిన చలికాలంలోనే రైట్ గార్డ్ పోర్టల్‌లోకి వెళ్ళి పెద్ద కాలేజీకి మారిపోయాడు. 2021లో వచ్చిన అప్పటి నిబంధన వల్ల ఒకసారి మారడానికి ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేకపోయింది కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు, ఆపకూడదు కూడా. రైట్ టాకిల్ మిగిలాడు. పది నిమిషాలు ముందు వచ్చి కట్టుకున్న పట్టీ, ఆ 22కి 4, అవి వీళ్ళిద్దరివి, ఏ ఒక్కడూ బ్యాగులో వేసుకుని పోలేడు. వసంతకాలం ప్రాక్టీసులో కొత్త గార్డ్‌తో లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలైంది. కొత్త కాలేజీ వాళ్ళు పాత గార్డ్ గురించి నాకు ఫోన్ చేశారు. గ్రేడ్ ఎంత అని అడిగారు, చెప్పాను. పక్కన ఎవరిని ఆడిస్తున్నారు, వాడు ఎంత లోతుకి వెళ్తాడు అని నేనడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఫిల్మ్ పంపిస్తామన్నారు.